బోర్లించిన ముంత

అనగనగనగా ఒక రాజుగారి ఊరట. ఊ కొట్టండర్రా, మీరు ఊ కొట్టకపోతే నా కథ అడుగు కదపదు. ఆ రాజుగారి తల్లి పోయేముందు కొడుకుని పిలిచి మాట తీసుకుందట. ఊళ్ళో ఒంటరిగా ఉన్న ముసలీముతకకి రోజూ పొద్దున్నే ముంతెడు రాగిజావ పంపించాలి. పట్టుకెళ్ళినవాళ్ళు కూర్చుని, ఒంట్లో ఎలా ఉందని మూడుసార్లు అడగాలి. ఒకసారి కాదు, మూడుసార్లు. ముసలివాళ్ళు మొదటిసారి మర్యాదకి బాగున్నానంటారు, రెండోసారి మొహమాటానికి బాగున్నానంటారు. మూడోసారికి గానీ నిజం బయటపడదు. నిజమే మరి, నన్ను చూట్టంలేదూ?

జావ ఇచ్చే పని ఆ ఊళ్ళోనే ఓ ఇంటి కోడలు సన్యాసమ్మది. మహా తెలివైంది. ఇరవై ఇళ్ళు తిరగాలి. ఒక్కొక్కరూ మోకాళ్ళ నొప్పుల్తో మొదలెట్టి ముత్తాతల దాకా చెప్పుకొస్తుంటే, ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయ్యేది. అత్త మూతి ముడిచేది. అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది. జావ తాగి, ముంత కడిగి అరుగు మీద బోర్లించండి, బోర్లించి ఉంటే మీరు బాగున్నట్టే, లేకపోతే లోపలికొచ్చి చూస్తానంది. రాజుగారు భేష్ అని పట్టుచీర పెట్టాడు. ఆ చీర కట్టుకుని మరీ తిరిగేది, ఏం చెప్పమంటారు!

వీధి చివర గవరమ్మ అవ్వ ఉండేది. ఆ ఊళ్ళో ఏ బిడ్డని ఉయ్యాల్లో వేసినా ఆవిడే లాలి పాడాలి. సన్యాసమ్మ పెద్దపిల్లకీ ఆ గొంతే పాడింది. అవ్వ ముంత రోజూ బోర్లించే ఉండేది, తళతళా తోమి మరీ. ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?

నెల తిరిగింది. ఒకనాడు అవ్వ మేక తాడు తెంపుకుని సన్యాసమ్మకి అడ్డమొచ్చింది. నున్నగా బలిసి ఉంది, మూతినిండా జావే. సన్యాసమ్మ అవ్వ ఇంటికేసి పరిగెత్తింది.

మేకా మేకా, ఎందుకింత బలిశావు? అవ్వ జావ పోసింది. అవ్వా అవ్వా, నువ్వు తాగక దానికెందుకు పోశావు? గొంతులో దిగలేదు. దిగలేదని ఎందుకు చెప్పలేదు? కోడలు అడగలేదు. కోడలా కోడలా, ఎందుకడగలేదు? ముంత బోర్లించి ఉంది. ముంతా ముంతా, నువ్వైనా చెప్పొచ్చుగా? నా నోరు నేలకేసి మూశారు, నేనెలా చెప్పను?

లోపల అవ్వ చాప మీద చిక్కి సగమై పడి ఉంది. సన్యాసమ్మ పక్కన కూలబడి ఎలా ఉందే అవ్వా అంది. అవ్వ బాగున్నానని తలూపింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఊపింది. మూడోసారి అడిగితే అవ్వ సన్యాసమ్మ చెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుంది. ఇరవై ఇళ్ళు తిరగాల్సిన పిల్లవి, నిన్నెందుకు ఆపాలనుకున్నానమ్మా అంది, గాలి ఊదినట్టు.

రాజవైద్యుడొచ్చాడు. గొంతు లోపల పుండు పడింది, మొదట్లోనే పిలిచుంటే నాలుగు రోజుల పనమ్మా అన్నాడు. మందు తేనెలో రంగరించి పోశాడు. అవ్వ బతికింది. లేదర్రా, గొంతు రాలేదు. మీరెంత కావాలన్నా రాలేదు. నాకూ బాధగానే ఉంది, ఏం చెయ్యను?

పట్టుచీర పెట్టెలోకి పోయింది. సన్యాసమ్మ మళ్ళీ ఇంటింటా కూర్చుని మూడుసార్లూ అడిగేది, మిట్టమధ్యాహ్నమైతే అయిందని. అత్త కూడా ఇంకేమీ అనలేదు. ఊరు ఊరంతా సుఖంగానే ఉంది. ఆ ఏడే సన్యాసమ్మకి రెండో బిడ్డ పుట్టింది. ఉయ్యాల్లో వేసేనాడు అవ్వ వచ్చి తాడు పట్టుకుని ఊపింది. పెదాలు కదిలాయి. పాట లేదు. సన్యాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కథ కంచి చేరింది, మనం దుప్పట్లో దూరదాం. ఏమిటే, అన్నం తిన్నావా అమ్మమ్మా అని మళ్ళీ అడుగుతున్నావు? ఇందాకే చెప్పానుగా, తిన్నానే తల్లీ.

ఊ, ఇంకోసారి అడుగు.