పులి మెడకు మట్టిబిళ్ళ

పూర్వం తేనెకోన రాజ్యాన్ని ఉదయమల్లుడనే రాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ తన అడవంటే ఆయనకు చెప్పలేనంత గర్వం. ఏ మాట మొదలుపెట్టినా తిరిగి తిరిగి అడవి దగ్గరికే వచ్చేవాడు. "మా అడవిదున్న కొమ్ముల మధ్య ఉయ్యాల కట్టి పిల్లల్ని ఊపవచ్చు" అనేవాడు. "మా అడవిలో చీమ కుట్టాలన్నా నా సెలవు తీసుకునే కుట్టాలి" అనేవాడు. సభలో ఉన్నవాళ్ళంతా తలలూపేవారు.

అడవి అంత గొప్పది కనక చుట్టుపక్కల దొరలందరికీ అక్కడ వేటాడాలని ఆశ. ఉదయమల్లుడు దానికో కట్టడి పెట్టాడు. పరదేశులకు ఏడాదికి ఐదంటే ఐదు అనుమతులు. అనుమతి అంటే ఎర్రదారం గుచ్చిన రాగిబిళ్ళ. దాన్ని వేటబిళ్ళ అనేవారు. నిండుసభలో మెడలో వేస్తేనే అది చెల్లుతుంది. అది లేకుండా పరదేశి ఎవడైనా ఆ అడవిలో బాణం ఎక్కుపెడితే ఒక్కో మృగానికి ఒక్కో ఏడాది చెర.

తేనెకోనకు తూర్పున చిట్టివాగు. వాగు దాటితే వేరే రాజ్యం. ఆ ఒడ్డునే పసులదిన్నె అనే చిన్న పల్లె ఉంది. పాతిక గడపలు, మూడువందల ఆవులు. ఆ పల్లెకు పెద్ద కామసాని. భర్త పోయాక మందనూ, ఊరినీ కూడా ఆవిడే చూసుకుంటూ వచ్చింది. మాట కాస్త కరుకైనా మనసు మెత్తన.

ఆ ఏడు పసులదిన్నెకు ఒక పులి పట్టుకుంది. తేనెకోన అడవిలోంచి వాగు దాటి రావడం, ఆవును పడగొట్టడం, మళ్ళీ వాగు దాటి పోవడం. అలా పదకొండు ఆవులు పోయాయి. పదకొండోది చూడి ఆవు. దాన్ని చూసి కామసాని మరిది బయ్యన్న ఆగలేకపోయాడు. విల్లు పట్టుకుని పులి వెంట వాగు దాటాడు. బాణం ఎక్కుపెట్టాడో లేదో, పొదల వెనకనుంచి తేనెకోన భటులు వచ్చి పట్టుకున్నారు. పులి మాత్రం తాపీగా నడిచి వెళ్ళిపోయింది.

బయ్యన్నకు ఏడాది చెర పడింది. అతని భార్య మాచమ్మ అన్నం మానేసి గుమ్మంలో కూర్చుంది. తమ రాజుగారికి చెప్పుకుందామంటే ఆయన కోట పదిహేను రోజుల ప్రయాణం. కామసాని తలకు గుడ్డ చుట్టుకుని, చద్దిమూట కట్టుకుని, నేరుగా తేనెకోనకే బయల్దేరింది.

అక్కడ వేటశాఖకు పెద్ద వల్లభయ్య. బొజ్జమీద పట్టుశాలువ, ఎదురుగా తాటాకుల గుట్ట. కామసాని చేతులు జోడించింది.

"అయ్యా, మాకొక వేటబిళ్ళ ఇప్పించండి. ఒక్క పులిని కొట్టుకుంటాం. మరింకేం ముట్టుకోం."

"ఎవరికమ్మా బిళ్ళ? నీకా?"

"నాకైనా సరే, మా మరిదికైనా సరే."

వల్లభయ్య పకపకా నవ్వాడు. "ఐదు బిళ్ళలకు ఈ ఏడాది నలభైమూడు మనవులు వచ్చాయి. అందరూ దొరలు. మీ తాత పేరు రాయాలి, ముత్తాత పేరు రాయాలి, ఇంతకుముందు ఎన్ని మృగాల్ని కొట్టారో రాయాలి. పైగా మా రాజ్యంవాళ్ళు ఇద్దరు నీకు పూచీ ఉండాలి. ఉన్నారా?"

"పులి తప్ప మీ రాజ్యంలో నాకు తెలిసినవాళ్ళెవరూ లేరయ్యా" అంది కామసాని.

"అయితే వెళ్ళిరా. పౌర్ణమినాడు సభలో రాజుగారు అందరి మనవులూ వింటారు. తాటాకు రాయించుకొస్తే నలభైనాలుగో మనవి నీదే. బిళ్ళ వస్తుందని మాత్రం అనుకోకు."

తిరిగి వెళుతూ ఆవిడ చెరసాల కిటికీ దగ్గర ఆగింది. బయ్యన్న ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. గడ్డం మాసిపోయి ఉంది.

"వదినా, మాచి ఎలా ఉంది?"

"బాగానే ఉంది" అని అబద్ధం చెప్పింది కామసాని.

"ఆ పులికి బాణం తగలనైనా లేదు వదినా! బిళ్ళ లేదన్నారు, పరదేశివన్నారు. అది మన ఆవుల్ని తిన్నదని ఎంత మొత్తుకున్నా వినలేదు."

ఆవిడ చద్దిమూట ఊచల సందునుంచి ఇచ్చేసి నడిచింది.

చిట్టివాగు దగ్గర కాళ్ళు కడుక్కోవడానికి వంగింది. తడి ఇసుకలో పులి అడుగులున్నాయి. సరిహద్దు రాయి పక్కనుంచే, దొంగచాటు లేకుండా, పెళ్ళివారింటికి వెళుతున్నట్టు దర్జాగా తమ ఊరివైపు పోయాయి. కామసానికి ఒళ్ళు మండిపోయింది. "ఏమే, మా బయ్యన్న ఇటు వస్తే పరదేశి అయ్యాడే! నువ్వు అటు పోతే ఏమవుతావు?" అని అరిచింది.

అరిచాక ఆ మాటే మళ్ళీ ఒకసారి మనసులో అనుకుంది. వాగు మధ్యలో నిలబడి ఒక్కతే నవ్వుకుంది. ఊళ్ళోకి పోగానే కరణం చేత తాటాకు రాయించింది. తర్వాత కుమ్మరి ఇంటికి పోయి పిడికెడు మట్టి అడిగింది.

పౌర్ణమి వచ్చింది. సభ కిటకిటలాడుతోంది. పరదేశపు దొరలు తలపాగాలు సవరించుకుంటూ వరసలో నిలబడ్డారు. ఉదయమల్లుడు సింహాసనం మీద కాలుమీద కాలేసుకుని ఒక్కొక్కరినీ ప్రశ్నలడుగుతున్నాడు. ఒక దొరకు ముత్తాత పేరు గుర్తురాలేదు, పంపేశాడు. ఇంకొకాయన అడవిదున్నను ఎనుబోతు అన్నాడు, కోపంతో పంపేశాడు. ఆయనకు ఈ పనంటే పండగే. మధ్యాహ్నానికి ఐదుగురు మిగిలారు. వల్లభయ్య వాళ్ళ మెళ్ళల్లో బిళ్ళలు వేశాడు.

"ఇక అయిపోయినట్టేనా?" అన్నాడు రాజు.

"నలభైనాలుగో మనవి ఉంది ప్రభూ. ఎవరో పసులకాపరి మనిషి" అన్నాడు వల్లభయ్య, మూతి ముడిచి.

కామసాని ముందుకు వచ్చింది. నున్నటి రాతినేల మీద ఆచితూచి అడుగులు వేసింది. కొంగులో ఏదో మూట.

"బిళ్ళలు అయిపోయాయమ్మా" అన్నాడు రాజు. "ఐదే ఉంటాయి."

"నేను బిళ్ళ అడగడానికి రాలేదు ప్రభూ, ఇవ్వడానికి వచ్చాను."

సభలో గుసగుసలు లేచాయి. రాజు కాలు దించి సరిగ్గా కూర్చున్నాడు. "నువ్వు ఇవ్వడమేమిటి?"

"చెబుతాను. ముందు ఒక్క సందేహం తీర్చండి. ఈ అడవిలోని పులులు ఎవరివి ప్రభూ?"

"ఇదేం ప్రశ్న? నావి! నా అడవిలో పుట్టాయి, నా అడవిలో పెరిగాయి. ప్రతి పులీ నాదే. దాని మీసంలో ప్రతి వెంట్రుకా నాదే."

"వాగు దాటి మా రాజ్యంలోకి వచ్చిందనుకోండి. అప్పుడో?"

"ఎక్కడికి పోయినా అది తేనెకోన పులే."

"అంటే మా గడ్డమీద అది పరదేశి అన్నమాట."

"పరదేశే మరి!" అన్నాడు రాజు ఛాతీ విరుచుకుని.

కామసాని ఊపిరి తీసుకుంది. "ప్రభూ, ఆ పరదేశి వేటబిళ్ళ లేకుండా మా ఊళ్ళో పదకొండు ఆవుల్ని వేటాడింది. ఒక్కో మృగానికి ఒక ఏడాది చొప్పున పదకొండేళ్ళ చెర. కట్టడి తమరిదే. నేరస్థుణ్ణి మాకు అప్పగించండి."

పరదేశపు దొరల్లో ఒకాయన గబుక్కున నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నాడు.

"పులికి కట్టడి ఏమిటి?" అని గర్జించాడు రాజు. "అదేమన్నా చదువుకుందా, శాసనం చూసి తెలుసుకోవడానికి?"

"చదువుకోలేదని దాన్ని వదిలేద్దామంటే సరే ప్రభూ. మా మరిదీ చదువుకోలేదు. తమ చెరసాలలో ఉన్నాడు."

రాజు వల్లభయ్య వైపు చూశాడు. వల్లభయ్య తాటాకుల వైపు చూశాడు.

"అయినా మేం పట్టుదలకు పోయేవాళ్ళం కాం" అంది కామసాని. కొంగు ముడి విప్పింది. అందులో కాల్చిన మట్టిబిళ్ళ ఉంది. దానికి మూరెడు ఎర్రదారం. "మా పసులదిన్నెలో కూడా ఇప్పుడు కట్టడి పెట్టుకున్నాం. పరదేశి వేటగాళ్ళకు ఏడాదికి ఒక్కటే బిళ్ళ. ఊరంతా కూర్చుని, మీ మీద గౌరవంకొద్దీ అది మీ పులికే ఇద్దామనుకున్నాం. తాత పేరు అడగం, ముత్తాత పేరు అడగం. కాకపోతే బిళ్ళ మెడలో వేస్తేనే చెల్లుతుంది, అది మీ పద్ధతే కదా! వేటశాఖ పెద్దగారికి అలవాటైన పని. వారి చేత వేయించండి."

వల్లభయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "ప్రభూ, నాకు... నాకు ఈ మధ్య మోకాళ్ళ నొప్పులు. వంగలేను."

"పులి పొట్టిదే అయ్యా" అంది కామసాని. "నడుందాకా వస్తుంది. కొంచెం వంగితే చాలు."

ఆ మాటకు వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు సేనాపతి వైపు తిరిగాడు. సేనాపతి సభామండపం కప్పులో బొమ్మల్ని ఎన్నడూ చూడనట్టు చూస్తున్నాడు. దళవాయికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

"ఎవరూ లేకపోతే తమరే వేయండి ప్రభూ" అంది కామసాని మెల్లగా. "చీమ కూడా తమ సెలవు తీసుకునే కుడుతుందట. పులి ఇంకెంత వినయంగా ఉంటుంది!"

ఉదయమల్లుడి కనుబొమలు ముడిపడ్డాయి. మీసాలు అదిరాయి. తను కూడా బయ్యన్న పక్క గదిలోకే పోతానేమో, మాచమ్మకు ఎవరు చెబుతారు అనుకుంది కామసాని. మట్టిబిళ్ళ చేతిలో చెమటకు తడిసిపోయింది.

రాజు దిగివచ్చి ఆ బిళ్ళ తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. దానిమీద ఆవిడ వేలితో గీసిన పులిబొమ్మ ఉంది, పిల్లికి చారలు పెట్టినట్టు. ఆయన మూతి వంకర తిరిగింది. భుజాలు కదిలాయి. ఇక ఆపుకోలేక పగలబడి నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వి సింహాసనం మెట్టుమీదే కూలబడ్డాడు. అది చూసి సభంతా నవ్వింది. వల్లభయ్య కూడా, ఆలస్యంగా.

"అమ్మా, ఓడిపోయాను!" అన్నాడు రాజు. "నలభైముగ్గురు దొరల్ని నేను ప్రశ్నలతో చంపుకుతిన్నాను. నువ్వొక్కదానివి నన్ను నాలుగు ప్రశ్నలతో కూర్చోబెట్టావు. ఎవరక్కడ! ఈమె మరిదిని విడిచిపెట్టండి. పరదేశులకు ఇక ఆరో బిళ్ళ ఉంటుంది. సరిహద్దులో గొడ్డు పోగొట్టుకున్నవాడు అడిగితే, పూచీలూ వంశాలూ చూడకుండా అది ఇవ్వాలి. రేపు ఆ పులి వేటకు నేనే వస్తాను."

మర్నాడు పొద్దున రాజు ఏనుగెక్కి వచ్చాడు. బయ్యన్న ఆరో బిళ్ళ మెడలో వేసుకుని కాలినడకన వచ్చాడు. ఎవరు వద్దన్నా వినకుండా కామసాని కూడా వెంట వచ్చింది. వాగు ఒడ్డున రెల్లు కదిలింది, పులి బయటపడింది. అది ముసలిది. ముందుకాలికి ఏదుపంది ముల్లు దిగి వాచిపోయి ఉంది. లేడిని తరమలేక ఆవుల మీద పడిందని అప్పుడు తెలిసింది.

రాజు బాణం వేశాడు. అది పోయి పుట్టలో దిగబడింది. పులి కుంటుతూనే ఏనుగు మీదికి ఎగిరింది. ఏనుగు బెదిరింది, మావటి అరిచాడు. అంతలో బయ్యన్న బాణం గుండెలో నాటుకుంది. పులి గాలిలోనే ఒరిగి రెల్లులో పడి మరి లేవలేదు.

ఉదయమల్లుడు ఏనుగు దిగి, చెమట తుడుచుకుని, బయ్యన్నను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఇంతటి విలుకాణ్ణా నేను నెల్లాళ్ళు గోడకు కాపలా పెట్టింది!" అని మళ్ళీ నవ్వాడు. ఈసారి నవ్వులో సిగ్గు కూడా ఉంది. తన ముంజేతి కడియం తీసి బయ్యన్నకు తొడిగాడు. "అమ్మా కామసానీ, నా పులి తిన్న ఆవులకు బదులు నా మందలోంచి పదకొండు పాడి ఆవుల్ని ఇస్తున్నాను. తోలుకుపో."

"పన్నెండు ఇప్పించండి ప్రభూ."

"పన్నెండోది దేనికి? పోయినవి పదకొండే కదా!"

"పన్నెండోది మా తోటికోడలికి. నెల్లాళ్ళు దాని మొగుణ్ణి తమ దగ్గర పెట్టుకున్నారే, ఊరికేనా?"

రాజు మళ్ళీ పగలబడి నవ్వాడు. పన్నెండోదాన్ని తన మందలో తనే ఏరాడు. నుదుట తెల్లని చుక్క ఉన్న కపిలావు, దూడతో సహా. ఆ పొద్దు వాలేవేళకు పసులదిన్నెలో మాచమ్మ గుమ్మంలోంచి లేచి చెంబు పట్టుకుని పాలు పితకడానికి వెళ్ళింది. బయ్యన్న దూడను పట్టుకుని నిలబడ్డాడు.