ఆవగింజ ముందు మూసుకున్న తలుపు

కాకినాడలో హైమవతి అనే ఒక తల్లి ఉండేది. తన కూతురు పొట్టిదన్న సంగతి ఎవరూ అనకముందే తానే అనేసే అలవాటు ఆమెకు ఉండేది.

కూతురి పేరు తన్మయి. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ ఉండేది. తోటి పిల్లల భుజాల దాకా వచ్చేది. ఇంటికి ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే, వాళ్ళు చెప్పులు విడిచేలోపే హైమవతి మొదలుపెట్టేది.

“మా అమ్మాయండి. ఇంటర్ చదువుతోంది. చూడ్డానికి ఏడో తరగతి పిల్లలా ఉంటుంది లెండి. మా అత్తగారి పోలిక.”

టైలర్ టేపు తీయకముందే, “కింద బాగా మడవాలి బాబూ, మా పిల్ల పొట్టి” అనేది. పెళ్ళిలో ఫొటోకి నిలబడితే, ఫొటోగ్రాఫర్ నోరు తెరవకముందే, “నువ్వు ముందుకి వచ్చేయవే, వెనకుంటే కనపడవు” అని చెయ్యి పట్టి లాగేది.

ఆమెది చెడ్డ మనసు కాదు. ఎప్పుడో ఒక పేరంటంలో ఎవరో ఆ పిల్లను చూసి కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు హైమవతి చెవిలో ఉండిపోయింది. మనమే ముందు అనేస్తే ఇక ఎవరూ అనరు కదా అనుకునేది. తన్మయి మాత్రం ఏమీ అనేది కాదు. తల్లి మాట అయ్యేదాకా నిలబడి, తర్వాత లోపలికి వెళ్ళిపోయేది.

ఆదివారం సాయంత్రాలు తన్మయి స్నేహితులు వాళ్ళింటికి వచ్చేవారు. డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చుని ఒక కథల ఆట ఆడేవారు. నస్రీన్ అనే అమ్మాయి కథ నడిపేది. మిగతావాళ్ళు ఆ కథలో ఒక్కో మనిషి అయ్యేవారు. జోయెల్ ఏనుగంత వీరుడు. ధాత్రి ముసలి వైద్యురాలు. తన్మయి పొట్టివాళ్ళ జాతి పిల్ల. ఆ పిల్లకు ఆవగింజ అని పేరు పెట్టుకుంది. బల్ల మీద ఆవగింజకు గుర్తుగా ఒక చింతగింజ ఉండేది. ఏదైనా సాహసం చేయాలంటే పాచిక వేసేవారు. పాచిక ఎలా పడితే కథ అలా తిరిగేది.

ఆ ఆటకు ఒక నియమాల పుస్తకం ఉండేది. అందులో పొట్టివాళ్ళ నడక మిగతావాళ్ళకంటే తక్కువ. పెద్ద విల్లు వాళ్ళ చేతిలో సరిగా ఇమడదు. అందరూ పరుగెత్తినప్పుడు ఆవగింజ వెనకబడేది. అయినా తన్మయి ఆమెను వదల్లేదు.

“అన్ని జాతులుండగా ఆ పొట్టిదే దొరికిందా నీకు? ఆటలోనైనా పొడుగ్గా ఉండొచ్చుగా?” అంది హైమవతి ఒకసారి.

“నాకు ఆవగింజే ఇష్టం” అంది తన్మయి.

కొన్నాళ్ళకు ఆ పుస్తకాన్ని సవరించి కొత్తగా వేశారు. జోయెల్ తెప్పించాడు. తన్మయి అందులో ఒక పేజీ చదివి, వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది.

“అమ్మా, మావాళ్ళ నడక ఇక అందరితో సమానం! పెద్ద విల్లు కూడా పట్టొచ్చు. ఒంట్లో బలం ఉంటే చాలట, ఎత్తుతో పనిలేదట!”

హైమవతి గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. తల ఎత్తలేదు.

“పుస్తకంలో రాస్తే అయిపోతుందేంటే? బయట కూడా అలాగే చూస్తారా?”

తన్మయి మొహంలో వెలుగు పోయింది. పుస్తకం మూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఆటలో కథ ఒక కొలిక్కి వచ్చింది. ఆవగింజ పుట్టిన ఊరి ఊటను ఎవరో కొండ లోపల బంధించారు. ఊరు దాహంతో అల్లాడుతోంది. కొండ తలుపు దాటి వెళ్ళి ఆ ఊటను విడిపించాలి. ఆ పని ఆవగింజ చేతే చేయించాలని తన్మయి ఏడాదిగా ఎదురుచూస్తోంది. ఆ ఘట్టం ఆడాల్సిన ఆదివారం పొద్దున్నుంచీ ఆమెకు కాలు నిలవలేదు. అన్నం కూడా సరిగా తినలేదు.

సాయంత్రం అందరూ చేరాక, ధాత్రికి జ్వరమని ఫోన్ వచ్చింది.

“వైద్యురాలు లేకుండా కొండ దగ్గరికి వెళ్ళలేం. ఆంటీ, ధాత్రి బదులు మీరు కూర్చోండి, ప్లీజ్” అంది నస్రీన్.

“నాకేం వచ్చమ్మా ఈ ఆటలు? పునుగుల పిండి కలిపి పెట్టుకున్నాను.”

“ముసలి వైద్యురాలే కదా ఆంటీ. మాట్లాడ్డం వస్తే చాలు” అన్నాడు జోయెల్.

“అదైతే మా అమ్మకి బాగా వచ్చు” అంది తన్మయి.

అందరూ నవ్వారు. హైమవతి కూడా నవ్వి, చేతులు తుడుచుకుని కూర్చుంది.

“ఒక్కటే గుర్తుపెట్టుకోండి ఆంటీ. ఈ బల్ల దగ్గర పైకి అన్న మాట అన్నట్టే. కథలో జరిగిపోయినట్టే. వెనక్కి తీసుకోవడం ఉండదు” అంది నస్రీన్.

“సరేనమ్మా.”

కథ సాగింది. నస్రీన్ గొంతు బరువుగా మార్చింది.

“కొండ తలుపు తెరుచుకుంది. గడప మీద రాతి మనిషి ఒకావిడ కాపలా ఉంది. మీ ముగ్గురినీ చూసింది. ‘లోపలికి ఒక్కరికే దారి. ఎవరు వస్తారు?’ అని అడిగింది.”

తన్మయి కుర్చీలోంచి లేచింది. పాచిక ఆమె గుప్పిట్లో ఉంది. కళ్ళు మెరుస్తున్నాయి. నోరు తెరవబోయింది.

ఇంతలో హైమవతి అనేసింది.

“మా పిల్ల పొట్టిదండి. పరుగెత్తలేదు. ఈ అబ్బాయిని పంపండి.”

ఆ మాట అన్నట్టు ఆమెకే తెలియలేదు. కథలోనైనా, గుమ్మం దగ్గర ఎవరో ఏదో అడిగారు. నోరు దానంతట అదే కదిలింది.

నస్రీన్, జోయెల్ మొహాలు చూసుకున్నారు.

“ఆంటీ, కొత్త పుస్తకంలో ఆవగింజ నాతో సమానంగా పరుగెత్తుతుంది” అన్నాడు జోయెల్ మెల్లగా.

“అయ్యో, మర్చేపోయాను! అయితే నేనన్నది లెక్కలోకి తీసుకోకండమ్మా.”

నస్రీన్‌ తన్మయి వైపు చూసింది.

“చెప్పు నస్రీన్. అన్న మాట అన్నట్టేగా” అంది తన్మయి. ఇంకా నిలబడే ఉంది.

నస్రీన్ తల దించుకుని చెప్పింది. “రాతి మనిషి ఇలా అంది. ‘నేను ఎత్తు అడగలేదు. ఎవరు వస్తారని అడిగాను. సొంతవాళ్ళే వద్దన్న మనిషిని నేనెలా రానిస్తాను? ఆ వీరుడు రావచ్చు.’”

జోయెల్ తన పాచికను పక్కకు తోసేశాడు.

“నేను వెళ్ళను. అది ఆవగింజ ఊరు.”

“అయితే తలుపు మూసుకుంది” అంది నస్రీన్.

తన్మయి చింతగింజను బల్ల మీంచి తీసి గుప్పిట్లో పెట్టుకుంది. హైమవతి గబగబా పునుగులు వేసి తెచ్చింది. పిల్లలు తలా ఒకటి తీసుకుని, “వెళ్ళొస్తాం ఆంటీ” అని వెళ్ళిపోయారు. మిగతావి పళ్ళెంలోనే చల్లారిపోయాయి.

“ఆటేగా తల్లీ” అంది హైమవతి.

“ఆటే అమ్మా. నా గురించి నేను ముందు చెప్పుకునే చోటు అదొక్కటే ఉండేది.”

తన్మయి ఏడవలేదు. ఏడిస్తే హైమవతి దగ్గరికి తీసుకునేది. ఏడవకపోయేసరికి ఆమె వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ నిలబడింది.

టైలర్ ఏమన్నాడు? ఏమీ అనలేదు. ఫొటోగ్రాఫర్ ఏమన్నాడు? అతడికి అనే వ్యవధే దొరకలేదు. ఇంటికి వచ్చినవాళ్ళు పిల్లను చూసింది తాను చూపించిన తర్వాతే. ఆ పేరంటంలో ఎవరో ఒకసారి నవ్వారు. ఆ తర్వాత పొట్టి అన్న మాట పిల్ల చెవిన పడిన ప్రతిసారీ, అన్నది తానే. హైమవతికి చెంపలు మండాయి. గిన్నె తళతళలో తన మొహం కనిపిస్తే దాన్ని బోర్లించేసింది.

తర్వాతి ఆదివారం ధాత్రి వచ్చింది. హైమవతి బల్ల దగ్గరికి వచ్చి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

“నస్రీన్, నాదే తప్పమ్మా. ఆ మాట తీసేయడానికి ఏ దారీ లేదా?”

“లేదు ఆంటీ. ఆ తలుపు ఇక తెరుచుకోదు. కొండ వెనక ఇంకో దారి ఉందట. అది చాలా దూరం.”

“నడుస్తాం” అంది తన్మయి, తల్లి వైపు చూడకుండా చింతగింజను బల్ల మీద పెడుతూ. “ఆవగింజ నడక ఇప్పుడు బాగానే ఉందిగా.”

హైమవతి లోపలికి వెళ్ళింది.

అదే వారంలో ఒక సాయంత్రం కాలింగ్ బెల్ మోగింది. ఎదురు ఫ్లాట్‌లోకి కొత్తగా దిగినావిడ చిన్న గిన్నె పట్టుకుని నిలబడింది.

“కొంచెం పెరుగు తోడు ఉంటే ఇస్తారా పిన్నిగారూ? ఇంకా పాలవాడు కుదరలేదు.”

“దానికేం భాగ్యం, రండి” అంది హైమవతి.

హాల్లో చదువుకుంటున్న తన్మయి లేచి నిలబడింది. ఆవిడ ఆ పిల్లను చూసి నవ్వింది. హైమవతి నోటిదాకా ఆ మాట వచ్చేసింది. పెదవులు కూడా విడివడ్డాయి.

“మా అమ్మాయి, తన్మయి” అని ఆగిపోయింది.

తన్మయి కదల్లేదు. చూపు నేల మీద ఉంచి అలాగే నిలబడింది. మిగతా మాట కోసం ఎదురుచూస్తోంది. ఇన్నేళ్ళుగా ప్రతి గుమ్మం దగ్గరా ఆ పిల్ల ఇలాగే నిలబడిందని, ఆ మాట ఎప్పుడు పడుతుందో ఆ పిల్లకు బాగా తెలుసని హైమవతికి అప్పుడు అర్థమైంది. సిగ్గుపడుతూ ఆవిడ చేతిలోని గిన్నె అందుకుంది. నోరు మాత్రం మూసే ఉంచింది.

మిగతా మాట రాలేదు. తన్మయి తల ఎత్తి తల్లిని చూసింది. తర్వాత ఆవిడ వైపు తిరిగింది.

“నమస్తే అక్కా. నేను ఇంటర్ చదువుతున్నాను. ఆదివారాలు మా ఇంట్లో గోల ఎక్కువగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. మేం కథల ఆట ఆడతాం.”

“అలాగా! ఏం కథలు?” అని ఆవిడ గిన్నె సంగతి మరిచిపోయి కుర్చీలో కూర్చుంది.

హైమవతి తోడు తేవడానికి వంటింట్లోకి వెళ్ళి, అక్కడే చాలాసేపు ఉండిపోయింది.

బిడ్డను ఎవరో తక్కువ చేస్తారన్న భయంతో మనమే ముందుగా తక్కువ చేయకూడదు. తన గురించి చెప్పుకోవలసిన మొదటి మాటను బిడ్డకే వదిలిపెట్టాలి.