పొగ చూసిన సలోమి

మన తాతల తాతలు ఇంకా గోచీలతో తిరిగే రోజుల్లో, అంటే ఎప్పుడని నన్నడగొద్దు, ఒక ఏటి ఒడ్డున ఒక పాలెం ఉండేది. అన్నీ గడ్డి ఇళ్ళే. మధ్యలో ప్రార్థన పాక, అదీ గడ్డిదే. ఆ పాలెంలో సలోమి అనే పడుచుపిల్ల ఉండేది. తల్లి పోయింది. తండ్రి కాలవ పనికని పోయి మళ్ళీ రాలేదు. ఒక్కతే కూలికి పోయేది. కూలికిచ్చిన జొన్నలు వండుకునేది. ఆదివారం పాకలో ముందు పాట ఎత్తేది ఆ పిల్లే.

ఆ పాలెంలో ఒక పద్ధతి ఉంది. ఆదివారం పొద్దున ఎసరు పెట్టగానే ప్రతి ఇంట్లో ఒక పిడికెడు గింజలు దేవుడికని తీస్తారు. పడుచుపిల్ల ఒకతె గంప పట్టుకుని గడప గడపకీ వస్తుంది. ఇంటావిడ పిడికిలి గంపలో పెట్టి, "దేవుడికి" అని విప్పుతుంది. ఆ గింజలన్నీ పాకలో ఉన్న పెద్ద బానలో పోస్తారు. బాన నిండితే గంట కొనాలని పెద్దల ఆశ. ఏటి అవతలి పాలెం వాళ్ళకి గంట ఉంది మరి. ఆదివారం అది మోగినప్పుడల్లా మనవాళ్ళకి కడుపు మండేది.

సంఘపెద్ద పేరు జకరయ్య. చెడ్డవాడని చెప్పను. కానీ ఆయనకొక మాట ఊతపదం. పాక ఊడ్చేది పడుచువాళ్ళు, చాపలు పరిచేది పడుచువాళ్ళు, గంప మోసేది పడుచువాళ్ళు. వాళ్ళలో ఎవరైనా నోరు తెరిస్తే చాలు, "మీరు మొయ్యండి, మేం చెప్తాం" అనేవాడు.

ఒక ఏడు వానలు లేవు. రెండో ఏడు లేవు. మూడో ఏడు ఏరే ఎండిపోయింది.

ఆ మూడో ఏడు ఒక ఆదివారం, సలోమి గంప పట్టుకుని సువార్తమ్మ గడప దగ్గర ఆగింది. సువార్తమ్మ మొగుడు పోయిన మనిషి. గట్టిగా మూసిన పిడికిలి గంపలో పెట్టి, ఎదురింటి వాళ్ళకి వినపడేట్టు "దేవుడికి" అని విప్పింది.

సలోమి కిందికి చూసింది. గంపలో ఒక్క గింజ పడలేదు. పైకి చూసింది. ఇంటి మీద పొగ లేదు. సువార్తమ్మ మొహం చూసింది. ఆవిడ తల తిప్పుకుంది.

"కొంగు పట్టు పిన్నమ్మా" అంది సలోమి మెల్లగా. అప్పటికి గంపలో పడ్డ గింజలు తీసి ఆవిడ కొంగులో పోసింది.

"ఎవరితో అనబాకే తల్లీ. నలుగుర్లో తలెత్తుకోలేను."

"అనను పిన్నమ్మా."

ఇంకా ముందుకు పోతే యోనా ఇల్లు. తాగి పాకలో రచ్చ చేశాడని సంఘం యోనాని వెలేసింది. ఆ గడప దగ్గర గంప ఆగకూడదు. సలోమి పైకి చూసింది. అక్కడా పొగ లేదు. పిల్లలు అరుగు మీద చప్పుడు లేకుండా పడి ఉన్నారు. పిల్లలు చప్పుడు చెయ్యని ఇల్లంటే మాటలా? సలోమి ఆగింది.

"మా గడపలో ఆగావేందే, నిన్ను కూడా వెలేస్తారు" అంది యోనా పెళ్ళాం.

"వెలి అన్నకి గదా వదినా, పిల్లలకి కాదుగా. కొంగు పట్టు."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం అంతే. ముందు పొగ చూసేది. తర్వాత పిడికిలి చూసేది. తర్వాత కొంగులో పోసేది.

బాన నిండటం ఆగిపోయింది. జకరయ్య కనిపెట్టాడు. ఒక ఆదివారం అందరి ముందూ సలోమిని నిలబెట్టాడు.

"గింజలేమైనాయి?"

సలోమి పలకలేదు.

"దాచుకున్నావా?"

పలకలేదు.

"అమ్ముకున్నావా?"

అప్పుడూ పలకలేదు. ఏం చెబుతుంది? సువార్తమ్మ అక్కడే చాప మీద తల వంచుకుని కూర్చుంది. చెబితే ఆవిడ పరువు పోతుంది, ఇచ్చిన మాట పోతుంది. సువార్తమ్మ కూడా నోరు విప్పలేదు. మా అమ్మమ్మ ఈ కథ చెప్పేటప్పుడు ఆవిణ్ణి తిట్టొద్దనేది. నేను మాత్రం తిడతాను. తోటి పడుచువాళ్ళని ఇంకా తిడతాను. అంతమంది ఉన్నారు, ఆ పిల్ల అలాంటిది కాదని అందరికీ తెలుసు, ఒక్కడూ లేవలేదు. పాపం, వాళ్ళకి మొయ్యడమే నేర్పారు.

సలోమి చేతిలోంచి గంప తీసుకుని జకరయ్య తన మనవరాలు లేయమ్మకిచ్చాడు. "నువ్వు లోపలికి రాబాకు, బయట కూర్చో" అన్నాడు సలోమితో.

సలోమి బయట కూర్చుంది. బయటే కూర్చుని పాట ఎత్తింది. లోపలివాళ్ళు అందుకున్నారు.

గంప పోయింది గానీ కళ్ళు పోలేదు కదా. పొద్దున్నే లేచి ఇళ్ళ మీద పొగ చూసేది. ఇప్పుడు తన కూలి గింజలే కొంగుల్లో పోసేది. పోను పోను కూలీ తగ్గింది. ఎవరి పొలంలో ఏముందని పిలుస్తారు?

ఒక ఆదివారం లేయమ్మ గంపతో సలోమి గడపలోకొచ్చింది. సలోమి పిడికిలి గంపలో పెట్టి, "దేవుడికి" అని విప్పింది. లేయమ్మ కిందికి చూడలేదు. పైకి చూడలేదు. మొహమూ చూడలేదు. గంప ఎత్తుకుని పక్కింటికి పోయింది.

ఆ మరుసటి ఆదివారం అందరూ పాకలో కూర్చున్నారు. బయట్నుంచి పాట రాలేదు. కాసేపు చూశారు. రాలేదు. జకరయ్యే, "చూసి రావే" అని లేయమ్మని పంపాడు.

లేయమ్మ పోయి చూస్తే పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది. పక్కన చాప మీద సలోమి. ఒళ్ళు చల్లబడి ఎంతసేపైందో. పిడికిలి మాత్రం మూసే ఉంది. అందరూ వచ్చి, గింజలేమోనని విప్పి చూశారు. ఏమీ లేవు.

పూడ్చేటప్పుడు సువార్తమ్మకి నోరొచ్చింది. "నా పిడికిలి ఖాళీ పెద్దయ్యా. ఆ పిల్ల నా కొంగులో పోసింది" అని గుండెలు బాదుకుంది. దూరంగా నిలబడిన యోనా పెళ్ళాం ముందుకొచ్చింది. "నా బిడ్డలు బతికున్నారంటే ఆ పిల్ల పెట్టిందే" అంది. చివరికి లేయమ్మ, "అక్క పిడికిలి కూడా ఖాళీయే తాతా. నేను చూడలా" అని వెక్కి వెక్కి ఏడ్చింది.

అందరి ఇళ్ళ పొగా ఆ పిల్ల చూసింది. ఆ పిల్ల ఇంటి పొగ పాలెం మొత్తంలో ఒక్కరూ చూడలేదు. జకరయ్య తిన్నగా పాకలోకి పోయి బాన మూత తీశాడు. అడుగున సగం పురుగు పట్టి ఉంది. ఎవరికోసం దాచినట్టు? బాగున్న గింజలు తీసి, పొగ లేని ఇళ్ళకి తనే మోసుకెళ్ళాడు. పడుచువాళ్ళు వెనక నడుస్తూ, ఏ ఇంటికి పోవాలో చెప్పారు. ఆయన మోశాడు.

ఆ పాలెంలో ఇప్పటికీ గంట లేదు. కొనుక్కోలేక కాదు, వద్దనుకున్నారు. ఆదివారం పొద్దున పడుచువాళ్ళు గంప తీసుకుని బయల్దేరతారు. వాళ్ళు తిరిగొచ్చి "పొగ లేచింది" అంటేనే ప్రార్థన మొదలు. గ్యాసు పొయ్యిలు వచ్చాక పొగెక్కడిది? అందుకని తిన్నగా వంటింట్లోకి పోయి గిన్నె మూత తీసి చూస్తారు. ఎవరూ ఏమీ అనుకోరు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఆలస్యమైందని విసుక్కుంటే, "కూర్చోండి అయ్యగారూ, సలోమి ఇంకా రాలేదు" అంటారు.

ఇంకొకటి కూడా ఉంది. గంప ఇచ్చే ముందు, ఆ మోసే పిల్లనో పిల్లాణ్ణో సంఘపెద్ద తన దగ్గరికి పిలుస్తాడు. "తిన్నావా?" అని అడుగుతాడు. తిన్నానంటే నమ్మడు. కుడిచెయ్యి పట్టుకుని వాసన చూస్తాడు. అన్నం వాసన రాకపోతే ఆ గంప అక్కడే దించి, ముందు ఆ పిల్లకి కంచం పెడతారు. ఆ పిల్ల తిని చెయ్యి కడుక్కునే దాకా పాలెం మొత్తం బయటే నిలబడి ఉంటుంది.