తామరాకు రంగు చీర

కూర్మయ్య మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా పెద్ద ప్రశ్న వేస్తే ఆయన జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. ముప్పై ఏళ్ళు ఒక జిల్లా పత్రికకు సంపాదకుడిగా పనిచేసి, ఇప్పుడు అదే ఆఫీసు మేడ మీద కొత్త విలేకరులకు పాఠాలు చెబుతున్నారు. మాస్టారు చెప్పులేసుకున్నారంటే అడిగినవాళ్ళు వెంట నడవాలని అక్కడ అందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం అడిగింది గౌరీశ్వరి. పత్రికలో చేరి ఇంకా ఏడాది నిండలేదు.

"మాస్టారూ, పత్రికకి స్వేచ్ఛ ఉందని మీరే చెప్పారు. మళ్ళీ ఇది రాయకూడదు, అది రాయకూడదు అంటూ చట్టం చేతులు కట్టేస్తుంది. కట్టేసిన చేతులతో రాసేది స్వేచ్ఛ ఎలా అవుతుంది?"

ప్రశ్న ఊరికే పుట్టలేదు. ఆమె చేతిలో ఒక వార్త ఉంది. ఒక నేతపల్లెలో ఒక ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగింది. చేశాడని ఫిర్యాదులో ఉన్నది చుట్టుపక్కల పది ఊళ్ళకి నూలు పంచే ఆసామి పేరు. ఆ ఫిర్యాదు తీసుకోవడానికే పోలీసులకు పదకొండు రోజులు పట్టింది. గౌరి ఆ ఇంటికి వెళ్ళి తల్లి పక్కన చాప మీద కూర్చుంది. "పేరు రాయకమ్మా. మా పిల్ల మళ్ళీ మగ్గమెక్కాల. నలుగురిలో తిరగాల" అంది ఆ తల్లి. గౌరి ఆవిడ చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చింది.

ఇచ్చిన మాట నిలబెట్టుకుంది కూడా. వార్తలో పిల్ల పేరు లేదు, ఊరి పేరు లేదు, వీధి ఊసు లేదు. అయినా మాస్టారు ఒక్క పేరా చుట్టూ పెన్సిలుతో గీత గీసి వెనక్కిచ్చారు. ఆ పేరా ఇది:

"మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. తామరాకు రంగు నేల, కొంగున జంట చిలకలు. రెండో చిలకకి ఇంకా ముక్కు రాలేదు."

వార్త మొత్తంలో గౌరికి ప్రాణమైన పేరా అదే. అది రాసిన తరువాత తనకే కళ్ళు చెమర్చాయి. అందుకే అంత ఉక్రోషం.

చట్టం ఏమంటుందో ఇక్కడ ఒక్కసారి నెమ్మదిగా చెప్పుకుందాం. ఇలాంటి నేరానికి గురైన మనిషి పేరు అచ్చు వేయకూడదు. పేరొక్కటే కాదు, ఆ మనిషి ఫలానా అని తెలిసిపోయే ఏ సంగతీ వేయకూడదు. గౌరికి రెండు ముక్కలూ కంఠతా వచ్చు. రెండో ముక్క ఒక చీర దాకా వస్తుందని మాత్రం తోచలేదు.

"సాయంత్రం ఆరింటికి పేజీ మూస్తారు, మాస్టారూ."

"మూడే కదమ్మా అయింది" అన్నారాయన, చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ.

బయట సన్నగా జల్లు పడుతోంది. నేల తడుస్తోందే గాని చినుకు కనపడని జల్లు. వీధులన్నీ నీళ్ళలో నానబెట్టిన బొమ్మల్లా మెత్తగా ఉన్నాయి. ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచి చేనేత సంఘం గిడ్డంగికి చేరారు. లోపల పైకప్పులో ఉన్న నాలుగు గాజు పెంకుల్లోంచి వాన వెలుగు దిగి, చీరల దొంతరల మీద పలచగా పరుచుకుంది. మంకెనపువ్వు రంగు, మావిచిగురు రంగు, నెమలికంఠం రంగు, పేరు తెలియని ఇంకెన్నో రంగులు ఆ వెలుగులో కునుకు తీస్తున్నట్టున్నాయి. కొత్త గంజి వాసన. గౌరికి తానెందుకు వచ్చిందో ఒక్క నిమిషం మరుపొచ్చింది.

దొంతరల మధ్య బల్ల మీద లింగమూర్తి తాత కూర్చుని ఉన్నాడు. ఆయన నలభై ఏళ్ళుగా పల్లెల నుంచి వచ్చిన చీరల మంచిచెడ్డలు చూస్తున్నాడు.

"ఏటి మాస్టారు బాబూ, ఇన్నాళ్ళకి దారి తప్పేరు!"

"నీ నోటికి జడిసి రావడం మానేశాను లింగమూర్తీ."

"పేపరోళ్ళకి ఒకరి నోటికి జడుపా? ఈ పిల్ల నమ్ముద్దేమో గాని నాను నమ్మను."

మాస్టారు నవ్వి, ఒక దొంతరలోంచి చీర ఒకటి లాగారు. దానికి కుట్టిన చీటీ తెంపి జేబులో వేసుకుని, చీర తాత ఒళ్ళో పెట్టారు. "ఇదెవరిదో చెప్పు."

తాత దాన్ని కళ్ళతో చూడలేదు. తిరగేసి, అంచు వెంట బొటనవేలు నడిపించాడు. ఒకచోట ఆగి, కొంచెం వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకు వెళ్ళాడు.

"రేవుపల్లి సూరాలమ్మ. ఎడంచేతి వాటం, ఈ పక్క అంచు బిగుసుద్ది. ఇదిగో ఈ జానెడు చూడండి, పేక నూలు వదులయింది. ఒంట్లో బాగులేకుండానే కూకుని నేసింది, పిచ్చిది."

మాస్టారు చీటీ తీసి గౌరికి ఇచ్చారు. ఊరు రేవుపల్లే. పేరు సూరాలమ్మే.

గౌరి ఓడిపోవడం ఇష్టంలేని పిల్ల. "చేతికిస్తే సరే తాతా. చీర చూడకుండా, ఉత్త మాటల్లో చెబితే పోల్చగలవా?"

"సెప్పి చూడు."

"తామరాకు రంగు నేల..."

"తామరాకు రంగు ఈ ఏడాది మూడు ఊళ్ళలోనే నేస్తన్నారు." తాత కళ్ళు మూసుకున్నాడు. మూసిన రెప్పల వెనక ఆయన ఆ మూడు ఊళ్ళకీ నడిచి వెళుతున్నట్టే ఉంది. "ఊఁ. కొంగునేటి?"

గౌరి నోరు తెరిచింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆమెకి తాత నడుస్తున్న దారి కనిపించింది. మూడు దారులు ఒక దారిగా కలిసి, ఒక వాకిట్లోకి తిరిగి, ఒక మగ్గం ముందు ఆగుతున్నాయి. తాత వెనకే ఉదయం పేపరు పట్టుకున్న ఎందరెందరో. మగ్గం మీద వంగిన తల నెమ్మదిగా పైకి లేస్తోంది.

"మరిచిపోయాను తాతా" అంది గౌరి.

"అయ్యో! ఇంకొక్క ముక్క సెప్పుంటే నేసినోళ్ళ గుమ్మంలో నిలబెట్టీవోణ్ణి. గురుతు తెచ్చుకోమ్మా. సెప్పు, సెప్పు."

ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆఫీసుకి వచ్చేసరికి అయిదు కావస్తోంది. గౌరి ఎవరూ చెప్పకుండానే ఆ పేరా మొత్తం కొట్టేసింది. దాని చోట ఏమీ రాయలేదు. తరువాత భయంభయంగా పెన్సిలు మొన నూలు ఆసామి పేరు మీదికి తెచ్చి, ఇదీ కొట్టేయాలా అన్నట్టు మాస్టారి వైపు చూసింది.

"ఫిర్యాదులో ఉన్నదంతా ఉండాలి" అన్నారాయన. "ఆరోపణని ఆరోపణగా రాశావు, అది చాలు. అతని పేరు పది ఊళ్ళది. ఏ ఒక్క ఇంటికీ దారి చూపించదు. ఇక పోలీసుల పదకొండు రోజులా? అందులో ఒక్క రోజు కూడా తగ్గించకు."

పేజీ వెళ్ళిపోయింది. కింద అచ్చుయంత్రం ఇంకా మొదలవలేదు. గౌరి కిటికీ తలుపు మూసి మాస్టారి వైపు తిరిగింది.

"మాస్టారూ, అక్కడ నాకు ఏ చట్టమూ గుర్తుకు రాలేదు. గిడ్డంగిలో పోలీసు లేడు, కోర్టు లేదు. మరి నా నోరు ఎవరు ఆపినట్టు?"

మాస్టారు చెప్పులు విడిచి, వాటిని గోడ వారకి జరుపుకున్నారు.

"లింగమూర్తి మాత్రం కాదమ్మా. అతను చెప్పమనే అడిగాడు."