పేరమ్మకు చదివి వినిపించిన కాగితం

"పేరు కొట్టేసి పంపితే సరిపోదా గురువుగారూ? ఆమెకెలా తెలుస్తుంది?" అని అడిగాడు కేశవుడు.

అడగడంలో తప్పులేదు. పొరుగూరి వైద్యశాలలో పదిమందికి ఒంటినిండా పుళ్ళు లేచాయి. వారిలో ఒకాయన చావుబతుకుల్లో ఉన్నాడు. అలాంటి పుళ్ళే నిరుడు అద్దకం పనిచేసే పేరమ్మకు లేస్తే, నరహరి ఆచార్యులు తన పేరుమోసిన కషాయమూ, ఒక పైపూతా ఇచ్చి నలభై రోజుల్లో నయం చేశారు. ఆ వివరాలు పంపమంటూ అక్కడి మనిషి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. గురువుగారి గొప్ప పొరుగూరికీ తెలియబోతోందని కేశవుడు ఉబ్బిపోతూ, చకచకా అంతా రాసేశాడు.

ఆచార్యులు వాదించే రకం కాదు. "వెళ్ళి ఆమెకు చదివి వినిపించు. సరేనంటేనే పంపుదాం," అన్నారు.

కేశవుడు సణుక్కుంటూ వెళ్ళాడు. పేరమ్మ రంగుతొట్టి దగ్గర చేతులు తుడుచుకుని శ్రద్ధగా వింది.

"ఎడమచేతివాటం అద్దకపు మనిషి అని రాశావేం బాబూ? ఈ చుట్టుపక్కల అట్టాంటిదాన్ని నేనొక్కదాన్నేగా! నేనద్దిన చీరలు కొనేది ఆ ఊరోళ్ళే. ఈ జబ్బు సంగతి తెలిస్తే ఇంకెవరైనా ముట్టుకుంటారా?"

కేశవుడి ముఖం మాడిపోయింది. ఆ ముక్క కొట్టేశాడు.

"ఇంకోటి," అంటూ ఆమె గొంతు తగ్గించింది. "ఆ కషాయం మూడోరోజే మానేశా. తాగితే నెత్తురు కక్కుకున్నా. అయ్యగారు నొచ్చుకుంటారని చెప్పలా. పైపూతతోనే తగ్గింది, అది రాసుకో. నా జబ్బు పదిమందిని బతికిస్తుందంటే అంతకన్నానా! పంపు బాబూ, పంపు."

ఏడాదిగా కొంగు చాటున చేతులు దాచుకున్న మనిషి, ఆ మాట తలెత్తి అంది.

కేశవుడు ఆమె చెప్పినట్టే కషాయం వికటించిందని కాగితంలో రాసుకుని తిరుగుదారి పట్టాడు. తాను మొదట రాసింది రాసినట్టు పోయి ఉంటే, ఆ చావుబతుకుల మనిషి చేత కషాయం తాగించి ఉండేవాళ్ళు.

విన్నదంతా గురువుగారికి చెప్పాడు. ముప్పై ఏళ్ళుగా ఆయనకు పేరు తెచ్చిపెట్టిన కషాయం అది. ఆచార్యులు కాగితం తీసుకుని ఆ ముక్క మళ్ళీ చదివారు.

"ఎవరో ఒక వైద్యుడిచ్చిన కషాయం అని రాయమంటారా?" అని కేశవుడు మెల్లగా అడిగాడు.

ఆచార్యులు కలం అందుకుని, కషాయం వికటించిందని రాసిన చోట తన పేరు ఇంటిపేరుతో సహా లావుపాటి అక్షరాలతో రాశారు. ఆయన శిష్యుణ్ణయినందుకు ఆ క్షణాన కేశవుడికి కలిగిన గర్వం అంతా ఇంతా కాదు.

"కొట్టెయ్యాల్సింది ఆమె పేరోయ్," అన్నారు ఆచార్యులు కాగితం చేతికిస్తూ. "నాది కాదు."