గేటు దగ్గర కెప్టెన్ కాపలా

ప్రష్యా రాజుగారికి ఆ మధ్యాహ్నం భోజనం బాగా కుదిరింది. అలాంటప్పుడు ఆయనకు ఏదో ఒక సరదా పుడుతుంది. కిటికీ దగ్గరకు వెళ్ళి, తోట గేటు ముందు వానలో బిగుసుకుని నిలబడ్డ సిపాయిని చూపించారు.

"మేజర్ పదవి ఒకటి ఖాళీగా ఉంది. వాణ్ణి అక్కణ్ణించి కదిలించినవాడిదే అది. ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు."

బల్ల దగ్గర ఇద్దరు కెప్టెన్లున్నారు. వాళ్ళలో రెడ్లిన్ ఆ మాటకు చటుక్కున లేచాడు. ఆ సైన్యంలో అధికారి పెళ్ళాడాలంటే రాజుగారి అనుమతి కావాలి. అతను తొమ్మిదేళ్ళుగా అర్జీ పెడుతున్నాడు. ప్రతిసారీ ఒకటే జవాబు: "మేజర్ అయ్యాక చూద్దాం." అతను పెళ్ళాడాలనుకున్న డొరొతియా ఈ మధ్య ఉత్తరాలు తగ్గించింది.

రెండో కెప్టెన్ హాన్‌స్టాట్ అప్పటికే గేటు దగ్గరికి చేరాడు. వంశం సంగతి చెప్పందే ఉప్పు కూడా అడగని మనిషి.

"ఏయ్! పక్కకు తప్పుకో! మా తాత ఎవరో తెలుసా?"

సిపాయి పలకలేదు.

"కొరడాతో వీపు చీరేయిస్తాను!"

సిపాయి రెప్ప కూడా ఆడించలేదు. కదిలినా కొరడాయే మరి.

పావుగంటకు హాన్‌స్టాట్ తిరిగొచ్చాడు. విగ్గు మీది పౌడరు ముఖం నిండా కారుతోంది. "వాడికి చెవుడు ప్రభూ," అన్నాడు.

రెడ్లిన్ గేటు వైపే పోలేదు. కాపలా గదికి వెళ్ళాడు. అక్కడ కార్పొరల్ క్రూగర్ మేజోళ్ళు ఆరబెట్టుకుంటున్నాడు.

"వాణ్ణి అక్కడ నిలబెట్టింది నువ్వేనా?"

"నేనేనండి. నేను చెబితే తప్ప కదలడు. కానీ బదులు మనిషి ఉండాలి కదా. ఇంకో గంట దాకా ఎవరూ లేరు."

"నేనున్నాగా. తుపాకి ఇటివ్వు."

"అయ్యో, కెప్టెన్ గారూ! నా ఉద్యోగం ఊడుతుంది!"

"పద్నాలుగో ఏట సైన్యంలో చేరి మూడేళ్ళు ఇదే పని చేశానయ్యా. పద."

కార్పొరల్ ముందు, తుపాకి భుజాన కెప్టెన్ వెనక. కార్పొరల్ ఒక్క మాట అన్నాడు. సిపాయి తప్పుకున్నాడు, రెడ్లిన్ ఆ చోట నిలబడ్డాడు.

రాజుగారు చప్పట్లు కొడుతూ కిందికి వచ్చారు. వెనకే గొణుక్కుంటూ హాన్‌స్టాట్.

"అధికారి అయ్యుండి సిపాయి పనా! ఛీ!"

"గెలిచావోయ్ రెడ్లిన్! లోపలికి రా, పత్రం రాయిస్తాను."

రెడ్లిన్ కదల్లేదు.

"పిలుస్తున్నది నేనయ్యా, రాజుని!"

"క్షమించండి ప్రభూ. కార్పొరల్ చెబితే తప్ప కాపలావాడు కదలకూడదని తమరి ఆజ్ఞే."

రాజుగారు క్రూగర్ వైపు తిరిగారు. "అయితే నువ్వు చెప్పు."

"బదులు మనిషి లేడు ప్రభూ," అన్నాడు క్రూగర్.

రెడ్లిన్ ఎదుటికే చూస్తూ అన్నాడు:

"హాన్‌స్టాట్ గారు ఉన్నారు కదా ప్రభూ. ఎలాగూ తడిసే ఉన్నారు."

రాజుగారు గేటు కమ్మీ పట్టుకుని మరీ నవ్వారు. నవ్వుతూనే క్రూగర్ చేత మాట చెప్పించి, తుపాకి హాన్‌స్టాట్ చేతిలో పెట్టించారు. లోపలికి వెళ్ళి రెండు కాగితాల మీద సంతకం చేశారు.

"ఇది మేజర్ పదవికి. ఇది నీ పెళ్ళికి. ఇంకా నిలబడ్డావేం, వెళ్ళడానికి కూడా కార్పొరల్ చెప్పాలా?"

అక్కర్లేకపోయింది. మేజర్ రెడ్లిన్ అప్పటికే రెండేసి మెట్లు దూకుతున్నాడు.