దేముడు మావయ్య ఉత్తుత్తి బెల్లం కొట్టు

అనకాపల్లి బజారు మొత్తానికి ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని పైడితల్లికి గట్టి నమ్మకం. తనకీ, తమ్ముళ్ళు గవర్రాజుకీ సన్నాసికీ అది ఎంత ఎక్కువంటే, నిద్రలో కారిపోతుందేమోనని ముగ్గురూ చెవుల్లో దూది కుక్కుకుని పడుకునేవారు. ఎందుకైనా మంచిదని ఈమధ్య పగలు కూడా తీయడం మానేశారు. కంప్యూటర్ చదువు కూడా చదివారు మరి!

వాళ్ళ మేనమామ దేముడుకి ఇక్కడ బెల్లం గొడౌను, విశాఖపట్నంలో కంప్యూటర్ కంపెనీ ఉన్నాయి. ఓ రోజు ముగ్గుర్నీ పిలిచాడు.

"ఒక వెబ్ అప్లికేషన్ కట్టండర్రా. నమూనా బెల్లం కొట్టు. దేశదేశాల డెవలపర్లు ఊరికే తీసుకుని, లోపలి కోడంతా విప్పి చూసి నేర్చుకోడానికి. కొట్టు ఉత్తుత్తిదే, కానీ అచ్చం నిజం కొట్టులా ఉండాలి. బాగా కడితే కంపెనీలో ఉద్యోగాలు. లేదా, జీవితమంతా బెల్లం పెనం దగ్గర గరిటె తిప్పుకోండి!"

పెనం మాట వింటేనే పైడితల్లికి చెమటలు పట్టాయి. "నిజంలా ఉండాలి, అంతే కదా మావయ్యా! నువ్వే బెల్లం కొనడానికి సంచీ పట్టుకొస్తావు చూడు," అంది.

అంతే. ముగ్గురూ వెళ్ళి బజార్లో ఓ బెల్లం కొట్టు ముందు మూడు రోజులు గొంతుక్కూచుని చూశారు. కొట్లో ఈగలున్నాయి. ఇంకేముంది, తెర మీద ఏడువేల ఈగలు పెట్టారు. కొట్టువాడు మధ్యాహ్నం గుమ్మానికి అడ్డంగా పడుకుంటున్నాడు. ఇంకేముంది, ఒంటిగంట కొట్టగానే వెబ్‌సైటు గుర్రుపెట్టేది. ఆ గురకకి జర్మనీలో దాన్ని తీసుకున్న ఓ డెవలపర్ ఇంటి కిటికీ అద్దాలు రాలిపోయాయి!

"బేరం ఏదే అక్కా? బేరం లేంది కొట్టెలా అవుతుందే?" అన్నాడు సన్నాసి.

అదీ పెట్టారు. ధర చూసి ఎవరైనా పేజీ మూసేసి పోబోతే, "ఓ బాబూ, రా రా! అలా వెళ్ళిపోతావేంటి, నీ మాటే చెప్పు!" అని కంప్యూటర్ వెనక్కి పిలుస్తుంది. బ్రెజిల్లో ఒకాయన మంచం కింద దాక్కున్నా పిలుపు మాన్లేదు.

డెవలపర్లకి తెగ నచ్చేసింది. పనిచేస్తోందో లేదో చూద్దామని 'కొను' అన్న మీట టకటకా నొక్కారు. ఒకడు పది దిమ్మలు, ఒకడు పదివేలు.

గవర్రాజు తల గోక్కున్నాడు. "అక్కా, ఇవి ఉత్తుత్తి ఆర్డర్లే కదే?"

"ఓరి బుద్ధిలేనోడా! సరుకు పంపని కొట్టు నిజంలా ఉంటుందట్రా? ఉద్యోగాలు పోగొడతావా ఏంటి?"

ఇంకేముంది! మావయ్య గొడౌను తాళం తీశారు. లారీలొచ్చాయి, ఓడలెక్కాయి. చీమ నాకడానికి కూడా బెల్లం మిగల్లేదు. చీమలే పిల్లాజెల్లాతో వలసపోయాయి.

దేముడు ఊడిపడ్డాడు. "నా బెల్లమేదే?"

"సముద్రాలు దాటింది మావయ్యా! అచ్చం నిజంలా!"

దేముడు నెత్తి బాదుకున్నాడు. "ఆ కొట్టు ఇంక నా కళ్ళకి కనబడ్డానికి వీల్లేదు! సాయంత్రంలోగా ఆ పని చెయ్యకపోతే మీకు పెనమే గతి!" అని కుర్చీలో కూలబడ్డాడు.

పైడితల్లి ఆలోచించింది. కొట్టు కోడేమో ఇప్పటికే లోకమంతా తీసుకుంది. అందరి దగ్గర్నుంచీ లాక్కోవడం ఎలా? ఇంతకీ కనబడకూడనిది ఎవరికి? మావయ్య ఒక్కడికే. కళ్ళెన్ని? రెండే!

"ఎంత తేలిక పనర్రా!" అంది.

అంతే. సన్నాసి కాళ్ళు పట్టాడు, గవర్రాజు చేతులు పట్టాడు, పైడితల్లి గోనెసంచి చింపి మావయ్య కళ్ళకి ఏడు చుట్లు చుట్టి ముడేసింది. కుర్చీని కంప్యూటర్ ముందుకి లాగింది.

"కొట్టు కనబడుతోందా మావయ్యా?"

"ఏమీ కనబడ్డంలేదే గాడిదా! విప్పండి!"

"విన్నారా? ఏమీ కనబడ్డంలేదట! ఉద్యోగాలు ఖాయం!"

తమ్ముళ్ళు పట్టు వదలగానే మావయ్య తడుముకుంటూ లేచి పారిపోబోయాడు. వెనకనుంచి కంప్యూటర్ అందుకుంది. "ఓ బాబూ, రా రా! అలా వెళ్ళిపోతావేంటి, నీ మాటే చెప్పు!"

మావయ్య రెండు చెవులూ మూసుకుని కెవ్వుమన్నాడు.

పైడితల్లి మనసు కరిగిపోయింది. తన చెవుల్లో దూది పీకి మావయ్య చెవుల్లో కుక్కేసింది.

"అయ్యో అక్కా, నీ తెలివి కారిపోదూ!" అని తమ్ముళ్ళు గొల్లుమన్నారు.

"మేనమామ కంటే ఎక్కువట్రా? నువ్వు బిందె పట్టు, నువ్వు గంగాళం పట్టు," అని పైడితల్లి తల పక్కకి వంచి నిలబడింది.